పతకము కావలెను, మనిషి యక్కఱలేదు

"ఆటగాని యాట చూడుడు; వాని యింటి సంగతి మనకేల?" అని హితము చెప్పు పెద్దమనుషులు కొందఱు గలరు. వినుటకు మర్యాదగానే యున్నది. కాని జాన్ కరీ యను నాంగ్లేయుని చరిత్ర మెఱిగినవా రీ మర్యాద యెంత బూటకమో యెఱుగుదురు. స్వలింగానురాగి యైన యా మహాక్రీడాకారుని యింటి సంగతిని వీథిలోని కీడ్చినవా డతడు గాడు. పార్లమెంటు ఈడ్చినది, పత్రిక లీడ్చినవి. అందఱును తీర్పులు చెప్పి ముగించిన పిమ్మట ముద్దాయి నొక్కనినే నోరు మూసికొమ్మనుట యే న్యాయస్థానపు మర్యాద?

మన యుష్ణదేశమున ఫిగర్ స్కేటింగును కన్నులార చూచినవా రరుదు. నున్నని మంచుతలముపై, పాదరక్షల యడుగున బిగించిన యుక్కు అంచులమీద నిలిచి ఆటగాడు దూసికొనిపోవును. గాలిలోని కెగిరి, గిరగిర తిరిగి, యొంటికాలిపై దిగును. ఆ కాలమున ఒలింపిక్ పోటీలలో తొమ్మండుగురు నిర్ణేతలు ఆఱింటికి మించకుండ, నైపుణ్యమున కొకటి, కళాసౌష్ఠవమున కొకటి, రెండేసి మార్కులు వేయుచుండిరి. సగము లెక్క సౌందర్యమునకే యని నియమము చెప్పుచున్నను, మగవా డందముగా చేయి చాపినచో ముఖము చిట్లించుట యాచారము!

కరీ 1949 సెప్టెంబరు 9న బర్మింగ్‌హాములో జన్మించెను. తండ్రి కర్మాగారపు యజమాని. కుమారుడు బాలే నృత్యము నేర్చుకొందు నన్న వలదనెను. మంచుమీది యాట 'క్రీడ' గనుక దాని కొప్పుకొనెను. ఏడవయేట మంచుపై నడుగిడిన యా బాలుడు తండ్రి వలదన్న నృత్యమునే మంచుమీదికి తీసికొనిపోయెను. మగవాడు గంతులు వేయవలెను, బలము చూపవలెను, అంతే యని నాటి మతము. కరీ యెగురుటలో నెవ్వనికిని తీసిపోలేదు. దానికి తోడు మెడను, భుజములను, వ్రేళ్లకొనలను సైతము సంగీతమున లీనము చేసెను. స్వదేశమున తగిన పోషణ లేక, ఒక అమెరికా ధనికుని సాయమున కొలరాడోలో కార్లో ఫాసి యను శిక్షకునికడ నభ్యసించెను. విజయము వచ్చిన నాడు జెండా తమదన్న దేశము, అది రాక పూర్వము ఖర్చును పరదేశీయునికి వదలిన దని పాఠకులు గమనింతురు గాక.

1976వ సంవత్సర మతనిది. జనవరిలో జెనీవాలో ఐరోపా విజేత. ఫిబ్రవరిలో ఇన్‌స్‌బ్రుక్ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకము. మార్చిలో గోథెన్‌బర్గున ప్రపంచవిజేత. ఇన్‌స్‌బ్రుక్‌లో బ్రిటను కంతటికిని దక్కిన పతక మదొక్కటియే. ప్రారంభోత్సవమున బ్రిటను జెండా మోసినవాడును అతడే. ఆ యేటనే యొక జర్మను పత్రిక యతని ప్రణయజీవితమును రచ్చ కెక్కించెను. అతడు కాదనలేదు. సంవత్సరాంతమున బి.బి.సి. వారి మేటి క్రీడాకారుని బిరుదును అతనికే యిచ్చిరి. జనులు చేసిన పనిని నేను తక్కువచేయను. నా తగవు ఏలినవారితో, నీతిశాస్త్రము బోధించినవారితో.

ఆ నీతి యెట్టిదో చట్టమును విప్పి చూపుదును. 1885లో లబూషేర్ అను సభ్యుడు చేర్పించిన సెక్షను పురుషు లిరువురి ప్రణయమును, నాలుగు గోడల నడుమ నైనను, నేరముగా నెంచెను. 1967లో దానిని సడలించిరి. అదియు ఇంగ్లండు, వేల్సులలోనే, 21 ఏండ్లు నిండినవారికే. స్కాట్లండునకు 1980 దాక రాలేదు. 1967లో ఆ శాసనము వెలువడునాటికి కరీకి 17 ఏండ్లు. అనగా ఆఱునెలలు గాదు, ఏడాది గాదు, యౌవన మంకురించినది మొద లిరువదియొకటవ యేటి దాక వాని హృదయము రాజ్యము దృష్టిలో నేరస్థుని హృదయము.

ఆ నేరమునే ఆంగ్లేయులు 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షనుగా మనకును ప్రసాదించిరి. వారు తమ యింట సడలించుకొనిన దానిని మనము భద్రముగా దాచుకొంటిమి! 2009లో ఢిల్లీ హైకోర్టు త్రోసివేయగా 2013లో సుప్రీంకోర్టు మరల నిలబెట్టెను. స్వాతంత్ర్యము వచ్చిన 71 ఏండ్లకు, 2018 సెప్టెంబరు 6న, వయోజనుల పరస్పరసమ్మతి విషయమున దానిని ఐదుగురు న్యాయమూర్తు లేకాభిప్రాయముతో కొట్టివేసిరి. అంతదనుక 'ఇది మన సంస్కృతి' యని ఘోషించినవారు చూపిన తాళపత్ర మేది? పరప్రభుత్వ గుమాస్తాలు వ్రాసిన కాగితమే గదా!

"కాలము మాఱినది, ఇంక నీ ఘోష యేల?" యందురు. 1988లో కాల్గరీ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణము అమెరికా దేశపు బ్రయన్ బోయిటానోకు, రజతము కెనడా దేశపు బ్రయన్ ఆర్సరుకు వచ్చెను. ఇరువురును స్వలింగానురాగులే; ఇరువురును నాడు మౌనమే. 1998లో ఆర్సరు ఒక వ్యాజ్యమున తన సంగతి బయలుపడు నని భయపడి, దస్త్రములను గోప్యముగా నుంచుడని కోర్టును వేడుకొనెను. కోర్టు వినలేదు. బోయిటానో నోరు విప్పినది 2013 డిసెంబరులో. ప్రపంచవిజేతలే యంతకాలము పెదవులు బిగించికొనగా, పేరులేని పల్లెటూరి కుఱ్ఱవాని గతి యేమని యూహింపవలెను?

పోటీలు మానిన పిదప కరీ సొంత బృందమును కూర్చెను. ట్వైలా థార్ప్, కెన్నెత్ మెక్‌మిలన్ వంటి నాట్యాచార్యు లతని కొఱకు నృత్యములు రచించిరి. 1984లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ఓపెరా మందిరమున మంచు పఱపించి యాడెను. 1987లో హెచ్.ఐ.వి. సోకినట్లు తేలెను. నీతిపరులకు చేతి కందిన కఱ్ఱ యిది: "చూచితిరా ఫలము!" అనిరి. రోగక్రిమికి ధర్మశాస్త్రము తెలియునా? అది సంసారులను, పసిపిల్లలను సైతము పట్టినది. వీరి యార్భాటమువలన కలిగిన దొక్కటే. రోగులు వైద్యునికడకు పోక దాగికొనిరి.

కరీ దాగలేదు. తల్లియొద్దకు తిరిగివచ్చి, 1992లో తన వ్యాధిని పత్రికాముఖమున తానే ప్రకటించెను. 1994 ఏప్రిలు 15న, 44 ఏండ్ల వయస్సున, వార్విక్‌షైరులో మరణించెను. స్వలింగ ప్రేమను స్థానికసంస్థలు ప్రోత్సహింపరాదని 1988లో చేసిన 28వ సెక్షను అప్పటికి నమలులోనే యున్నది. ఇంగ్లండులో దానిని రద్దుచేసినది 2003లో.