క్రికెట్ ప్రసారాలు: పోటీ ఎవరిది, నష్టం ఎవరిది?

క్రికెట్ చూడటం పనిలేనివాళ్ళ వ్యాపకమనీ, అభ్యుదయవాదులు దాన్ని గురించి చర్చించనక్కరలేదనీ కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. కోట్లమంది పనినుంచి ఇంటికి వచ్చి, గంటల తరబడి కళ్ళప్పగించి చూసేది ఏదైనా సరే, అది సంస్కృతికి సంబంధించిన విషయమే. సినిమాను విమర్శించిన మనం దీన్ని వదిలిపెట్టడం దేనికి?

మార్కెట్టును సమర్థించేవారు ఒక వాదం తెస్తారు. దూరదర్శన్ ఒక్కటే వున్న రోజుల్లో బొమ్మ నాసిగా వుండేది. ప్రైవేటు చానెళ్ళు పోటీ పడ్డాక కెమెరాలు పెరిగాయి. బంతి ఎంత వేగంతో వచ్చిందో, ఎక్కడ పడి ఎటు తిరిగిందో గీత గీసి చూపిస్తున్నారు. కనుక పోటీయే నాణ్యతకు తల్లి అంటారు.

కెమెరాలు పెరిగిన మాట నిజమే. దూరదర్శన్ అలసత్వాన్ని వెనకేసుకు రావలసిన అవసరం కూడా నాకు లేదు. కాని పోటీ ఎక్కడ జరిగిందో చూడండి. రెండు బట్టల కొట్లు పోటీపడితే ఒకే రకం చీర రెండుచోట్లా దొరుకుతుంది. ధర, నాణ్యం చూసి ఎంచుకుంటాం. క్రికెట్‌లో అలా కాదు. హక్కులు కొన్న సంస్థ ఇష్టపడితే తప్ప ఆ మ్యాచ్ మరోచోట రాదు. వ్యాఖ్యానం నచ్చక పక్క సంస్థ చానెల్‌కు పోదామంటే అక్కడ ఆటే వుండదు. అంటే పోటీ వేలంపాట దగ్గరే ముగిసింది, మన గడపదాకా రాలేదు.

ఆ పాట ఎంతకు పోయింది? ఐపీఎల్ ప్రసార హక్కులు 2018-22 సంవత్సరాలకు 16,347.5 కోట్ల రూపాయలు. 2023-27కు టెలివిజన్, ఇంటర్నెట్ హక్కులు కలిపి 48,390 కోట్లు. రేవు పాడుకున్నవాడు ఆ సొమ్మును ఏట్లోంచి తియ్యడు, పడవెక్కిన వాళ్ళ దగ్గరే తీస్తాడు. ఇక్కడ పడవెక్కినవాళ్ళం మనమే.

మొదట మన చందా పెరుగుతుంది. తరువాత తెర తరుగుతుంది. ఓవరు ఆఖరి బంతికి ఫీల్డరు బంతిని అందుకున్నాడో లేదో, ప్రకటన వచ్చి కూర్చుంటుంది. ఓవరు మధ్యలో బొమ్మను ఒక మూలకు నెట్టి చుట్టూ సరుకులు పరుస్తారు. 2009లో ఐపీఎల్‌లో 'వ్యూహ విరామం' పెట్టారు. ఆ వ్యూహం జట్లకంటె ప్రకటనలకే ఎక్కువ పనికివచ్చిందని ప్రేక్షకుడికి వేరే చెప్పనక్కరలేదు. 2016 జనవరిలో జస్టిస్ లోధా సంఘం, టెస్టుల్లోనూ వన్డేల్లోనూ విరామాలప్పుడు మాత్రమే ప్రకటనలు వుండాలనీ, తక్కిన కాలమంతా తెర ఆటకే వుండాలనీ సూచించింది. ఆ ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఆ సంఘం సిఫారసులను చాలావరకు ఆమోదించింది. ఈ ఒక్క విషయాన్ని మాత్రం క్రికెట్ బోర్డు ఇష్టానికి వదిలింది. బోర్డు ఇష్టం ఏమిటో రోజూ చూస్తూనే వున్నాం.

తెర తరిగాక నాలుక కూడా తరుగుతుంది. బోర్డు ఏళ్ళ తరబడి స్వదేశపు మ్యాచ్‌ల ప్రసారాన్ని తానే తయారు చేయించి, వ్యాఖ్యాతలకు తానే జీతమిచ్చింది. జీతమిచ్చినవాణ్ణి విమర్శించేదెవరు? 2016లో హర్షా భోగ్లేను ఐపీఎల్ ముంగిట తప్పించారు. కారణం తనకెవరూ చెప్పలేదని ఆయనే అన్నాడు. 2020లో సంజయ్ మంజ్రేకర్‌ను పక్కన పెట్టారు. వీళ్ళేమీ విప్లవకారులు కారు. ఆటను గురించి తమ అభిప్రాయం చెప్పే అలవాటున్నవాళ్ళు, అంతే. మిగిలినవాళ్ళకు పాఠం అందింది. అందుకే ఏ సిక్సరు కొట్టినా అది మహాద్భుతమే, ఏ చచ్చు మ్యాచ్ అయినా అది చరిత్రాత్మకమే.

2018 చివర తెలుగు క్రీడల చానెల్ వచ్చింది. మన భాషలో ఆట వినటం సంతోషమే. కాని ఆ చానెల్ మనకు తరచు వినిపించేది సినిమా సంభాషణలూ, ప్రాసల పరాచికాలూను. స్పిన్నరు వేళ్ళ పని ఏమిటో, పిచ్ మూడోరోజు ఎందుకు మారుతుందో తెలుగులో విప్పి చెప్పేవాడు అరుదు. తెలుగు ప్రేక్షకుడికి వినోదం చాలు, వివేకం అక్కరలేదని వ్యాపారి తీర్మానించాడన్నమాట. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. అదే నెలలో మొదలైన ఐపీఎల్ పేరుకు ముందు డ్రీమ్ 11 పేరు తగిలించి వుంది!

ఇంతకూ ఆ పోటీ అయినా నిలిచిందా? 2022 వేలంలో ఐపీఎల్ టెలివిజన్ హక్కులు డిస్నీ స్టార్ పాడుకుంటే, ఇంటర్నెట్ హక్కులు రిలయన్స్ వారి వయాకామ్ 18 పాడుకున్నది. 2024 నవంబరులో ఆ రెండూ ఒకటయ్యాయి. పెట్టుబడిదారీ పోటీ గుత్తాధిపత్యంలో తేలుతుందని మనం పుస్తకాల్లో చదువుకున్న సంగతి, క్రికెట్ చూస్తూ చూస్తూండగానే కళ్ళముందు జరిగింది.

అయితే దూరదర్శన్ ఏకఛత్రాధిపత్యమే మేలా? కాదు. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసార వివాదంలోనే, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి వున్నారు. ప్రసారాలు ప్రభుత్వం గుప్పిట్లోనూ వుండరాదు, ప్రైవేటు గుప్పిట్లోనూ పడరాదు, ప్రజల అధీనంలో వుండాలని ఆయన రాశారు. 2007లో వచ్చిన చట్టం ముఖ్యమైన మ్యాచ్‌లను ప్రసారభారతితో పంచుకోవాలన్నది. 2017లో సుప్రీంకోర్టు దాని పరిధి కుదించింది: ఆ ప్రసారం దూరదర్శన్ సొంత ప్రసారాల్లోనే రావాలి, కేబుల్ ద్వారా అందరి ఇళ్ళకూ పోరాదు.

మనం అడగవలసినవి మూడే. దేశం ఆడే ప్రతి మ్యాచ్ ఉచితంగా అందరికీ అందాలి. బంతి ఆడుతున్నంతసేపు తెర ఆటకే వుండాలి. వ్యాఖ్యాత జీతం బోర్డు చేతిలో వుండరాదు. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. తన ఆస్తి మీద తనకు హక్కున్నదని ప్రజ అనటం మాత్రమే. ఆ మాట అననంతకాలం కెమెరాలు ఎన్ని పెరిగినా, అవి మనకోసం తిరగవు. మన జేబు ఎక్కడుందో వెతకటానికే తిరుగుతాయి.