పైపూత వైద్యం

మోపెడ్ ఇంజను నూనె కారగానే గుడ్డతో తుడిచి, పైన ఇంత జిగురు పులిమి, "పాత బండి కదా, ఇంతే మాస్టారూ" అని చేతులు దులుపుకొనే పనిని నేను మరమ్మతుగా అంగీకరించను.

1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టీవీఎస్ 50 వంటి టూ స్ట్రోక్ బండ్లలో గాలీ పెట్రోలూ కలిసి ముందుగా చేరేది క్రాంకు గదిలోకే. దానికి ఇరుపక్కలా కాపలా ఆయిల్ సీళ్లు. మాగ్నెటో వైపు సీలు చెడితే బయటి గాలి చొరబడి, పెట్రోలు పాలు తగ్గి, ఇంజను వేడెక్కి పిస్టను పట్టేస్తుంది. క్లచ్చు వైపుది చెడితే గేరు ఆయిలు లోనికి పోయి తెల్లని పొగగా వెలువడుతుంది. పైపూత వీటిలో దేనిని ఆపగలదు?

సీలు మార్చినంత మాత్రానా చాలదు. బేరింగు అరిగి షాఫ్టు ఊగుతూంటే కొత్త సీలూ త్వరలోనే పాడవుతుంది. షాఫ్టుపై గాడి పడినదేమో గోటితో తడిమి చూడాలి. సీలు అంచుకు నూనె రాసి, స్ప్రింగు కనిపించే ముఖాన్ని క్రాంకు గది వైపుంచి, వంకర లేకుండా దించాలి.

పాలక్యానులు మోసే బండి నడిదారిలో ఆగితే ఆ పూట పాలు విరిగేది బండివాడికే. కారణం వెదకని వైద్యానికి కూలి అడిగే హక్కెక్కడిది?