చెయ్యి తిమ్మిరెక్కడానికి కంప్యూటరే ఉండాలా?

కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఏసీ గదిలో కీబోర్డు ముందు కూర్చున్న సాఫ్ట్‌వేర్ కుర్రాడు. పాపం, ఎంత కష్టపడుతున్నాడో అని ఇంటిల్లిపాదీ జాలిపడతాం. అదే తిమ్మిరి ఇంట్లో ఉన్న ఆడమనిషికి వస్తే దానికి పేరే ఉండదు. "రక్తం తక్కువేమో", "వయసొచ్చిందిగా", "చెయ్యి కిందేసుకుని పడుకునుంటావు" అంటారు. ఓ బి-కాంప్లెక్సు మాత్రల అట్ట తెచ్చి వంటింటి గట్టు మీద పెడితే వైద్యం అయిపోయినట్టే!

అసలు ఈ జబ్బు ఎవరికి ఎక్కువో తెలుసా అండీ? మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అందులోనూ 40 నుంచి 60 ఏళ్ళ మధ్యవాళ్ళకి. షుగరు, థైరాయిడ్ లోపం, రుమటాయిడ్ కీళ్ళవాతం, అధిక బరువు ఉన్నవాళ్ళకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ.

గాజులు దాటాక, అరచెయ్యి మొదలయ్యే చోట ఎముకల మధ్య ఓ ఇరుకు సందు ఉంటుంది. వేళ్ళని ముడిచే తొమ్మిది టెండన్లూ, వాటితోపాటు ఓ నరమూ అందులోంచే వెళ్ళాలి. లోపల వాపొస్తే నలిగిపోయేది ఆ నరమే. అప్పుడు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలులో సగం తిమ్మిరెక్కుతాయి, సూదులు గుచ్చినట్టుంటాయి. చిటికెనవేలు మాత్రం మామూలుగా బాగానే ఉంటుంది. అర్ధరాత్రి మెలకువొస్తుంది. చెయ్యి విదిలిస్తే కాస్త నయమనిపిస్తుంది. పోనుపోను జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. గ్లాసు చేతిలోంచి జారిపోతే "ధ్యాస ఎక్కడ పెట్టావు?" అని అడిగేవాళ్ళే గానీ, "వేళ్ళకి స్పర్శ తెలుస్తోందా?" అని అడిగేవాళ్ళు ఎంతమంది?

ఇంటిపని వల్లే ఈ జబ్బొస్తుందని నేననడం లేదు. చాలామందిలో ఫలానాదే కారణమని తేలదు. కానీ పని మాటెత్తితే న్యాయంగా ఎత్తాలి కదా! కీబోర్డు మీద మోపిన నేరానికి సాక్ష్యం అంత గట్టిది కాదు. గట్టిగా పట్టుకుని, మణికట్టు వంచి, అదేపనిగా చేసే పనులకీ, చేతిలో అదిరే యంత్రాలకీ ఉన్న సాక్ష్యమే బలమైనది. మరి దుప్పట్లు పిండటం, చపాతీ పిండి పిసకడం, మాడిన గిన్నె తోమడం ఏ లెక్కలోకి వస్తాయి? 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి పెట్టే సమయం రోజుకి సగటున 299 నిమిషాలు. ఆ పని చేసే మగవాళ్ళు పెట్టేది 97. అయినా ఆస్పత్రి చీటీ మీద 'గృహిణి' అని రాస్తే పని గురించి ఇంకో ప్రశ్న రాదు. ఇక నాలుగిళ్ళలో అంట్లు తోమే అమ్మాయికైతే ఆస్పత్రికి వెళ్ళే తీరికే దొరకదు.

"మా రోజుల్లో రోట్లో రుబ్బాం, మాకేం రాలేదే" అంటారు పెద్దవాళ్ళు. పేరే తెలియని నొప్పిని ఎవరు లెక్కపెట్టారు అత్తయ్యా?

ఓర్చుకోవడం గొప్పే అయితే నేనూ ఓర్చుకోమనే చెప్పేదాన్ని. కానీ ఈ నరం మన ఓర్పుని మెచ్చుకోదు. మొదట్లోనే చూపిస్తే చాలామందికి రాత్రిపూట మణికట్టు వంగకుండా వేసుకునే పట్టీతోనో, ఒక ఇంజెక్షన్‌తోనో ఉపశమనం దొరుకుతుంది. అవసరమైతే నరాల పరీక్ష, చిన్న ఆపరేషన్. ఏళ్ళ తరబడి వదిలేస్తే బొటనవేలి కింద కండ కరిగిపోతుంది. ఆ తర్వాత ఆపరేషన్ చేసినా పోయిన పట్టు పూర్తిగా రాకపోవచ్చు. గర్భిణులకి కాన్పయ్యాక తరచుగా తగ్గిపోతుంది, నిజమే. అంతమాత్రాన అన్ని నెలలూ నిద్రలేకుండా ఉండమనడం ఏం న్యాయం?

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా రాత్రిళ్ళు లేచి చెయ్యి విదిలించుకుంటుంటే మాత్రల అట్ట పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. షుగరు, థైరాయిడ్ కూడా చూపించండి. రాత్రంతా పట్టీ వేసుకున్న చేతితోనే పొద్దున్న లేచి దుప్పట్లు పిండాల్సి వస్తే ఆ వైద్యం దండగ. ఈ ఆదివారం అవి ఎవరు పిండుతారో శనివారమే తేల్చుకోండి.