మూతపడ్డ బోర్లనూ లెక్కపెట్టాలి

జక్రాన్‌పల్లి వైపు పసుపు చేలల్లో బోరు వేయాలంటే బండి కన్నా ముందు పాయింట్ చూసేటాయన వస్తాడు. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని గట్ల వెంట నెమ్మదిగా నడుస్తాడు. ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పాతుతారు. ఇంకొకాయన వేప పంగలకట్టె పట్టుకుంటాడు. వీళ్లు మోసగాళ్లని నేననను. వంచి బిగబట్టిన కట్టె మణికట్టు రవ్వంత కదిలినా గిర్రున తిరుగుతుంది. ఆ కదలిక తనదేనని పట్టుకున్నాయనకే తెలియదు.

"పది చూపిస్తే ఏడు పడ్డయి" అంటారు. నిజమే కావచ్చు. కానీ అదే పొలాల్లో కళ్లు మూసుకుని రాయి విసిరి, పడ్డచోటల్లా బోరేస్తే ఎన్ని పడతాయి? అప్పుడూ ఏడే పడితే కొబ్బరికాయ మనకు చెప్పిందేమీ లేదు. మన దగ్గర నీళ్లు రాతి పగుళ్లలో, పైనున్న మొరంలో నిలుస్తాయి. వానలు బాగా పడ్డ ఏడాది చాలాచోట్ల తగులుతాయి, కరువొస్తే ఎవరు చూపినా దుమ్మే లేస్తుంది. పైగా పడిన బోరు సంగతి ఊరంతా చెప్పుకుంటుంది. ఫెయిలైనదాని మీద బండ పెట్టి మూసేస్తారు, లెక్కలోంచి కూడా తీసేస్తారు.

పరీక్ష పెట్టడం కష్టం కాదు. మూతపెట్టిన పది బిందెలు, ఒక్కదాంట్లోనే నీళ్లు, మిగతావాటిలో ఇసుక. నింపినవాళ్లు అక్కడ ఉండకూడదు, వాళ్ల ముఖమే చెప్పేస్తుంది. గుడ్డిగా చెప్పినా పదింట ఒకసారి కుదురుతుంది. వరసగా మూడుసార్లు కుదరడం వెయ్యింట ఒకటి. వెయ్యిమందిని పిలిస్తే అలాంటివాడు ఒకడు ఊరికే దొరకవచ్చు, కాబట్టి అతనితో మళ్లీ చేయించాలి.

1990లో జర్మనీలోని కాసెల్‌లో నేలలో పైపు పూడ్చి, అందులో నీళ్లు పారుతున్నాయో లేదో చెప్పమన్నారు. కట్టె పట్టి నీళ్లు చూపేవాళ్లు సుమారు 30 మంది వచ్చారు. తప్పక చెబుతామన్నవాళ్ల ఫలితం ఊహించి చెప్పినదానికి మించలేదు. 2008లో మహారాష్ట్రలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌లు జ్యోతిష్యానికీ ఇలాంటి పరీక్షే పెట్టారు. జాతకం తెలివైన విద్యార్థిదా, మానసిక వికలాంగుడిదా చెప్పాలి. 27 మంది జ్యోతిష్కులు తలా 40 జాతకాలు చూస్తే, సరిగ్గా చెప్పినవి సగటున నూటికి 46. నాణెం ఎగరేసినా 50 వస్తాయి.

అప్పు తెచ్చి బోరేసే రైతన్నా, ఈసారి బండి రాకముందే నోటుబుక్కులో రాసిపెట్టు: ఎవరు చూపారు, ఎన్ని అడుగులన్నారు, చివరికి పడ్డాయా లేదా. బండ కింది బోర్లనూ రాయి. భూగర్భ జల శాఖ వాళ్లు చూపిన పాయింట్లనూ అదే పుస్తకంలో, అదే లెక్కతో రాయి.