దుత్త మీద కోపం

2016 డిసెంబర్ 29న బరాక్ ఒబామా 35 మంది రష్యన్ దౌత్య సిబ్బందిని అమెరికా నుంచి బహిష్కరించారు. 72 గంటల్లో పెట్టేబేడా సర్దుకోవాలి. మేరీల్యాండ్‌లో ఒకటి, న్యూయార్క్‌ రాష్ట్రంలో ఒకటి, రష్యన్ ఉద్యోగులు సెలవులకు వెళ్లే రెండు ఎస్టేట్లకు తాళాలు పడ్డాయి. అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్ల ఈమెయిళ్లు దొంగిలించి బయటపెట్టినందుకు శిక్ష అది. మర్నాడు విదేశాంగ మంత్రి లావ్రోవ్ టీవీ కెమెరాల ముందు కూర్చుని, మనమూ 35 మందిని పంపించేద్దామని పుతిన్‌కు సిఫారసు చేశారు. కొద్ది గంటల్లోనే పుతిన్ దాన్ని పక్కన పెట్టేశారు. ఎవరినీ పంపబోమన్నారు. పైగా మాస్కోలోని అమెరికన్ దౌత్యవేత్తల పిల్లలందరినీ క్రెమ్లిన్‌లో నూతన సంవత్సర, క్రిస్మస్ వేడుకలకు రమ్మన్నారు. అప్పటికింకా పదవిలోకి రాని ట్రంప్, ఆయన చాలా తెలివైనవాడని తనకు ముందునుంచీ తెలుసంటూ ట్వీట్ కొట్టారు.

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం దౌత్యంలో కొత్త కాదు. కానీ ఎన్నికల హ్యాకింగ్ గొడవల్లో దుత్తలు తప్ప ఇంకేమీ పగలడం లేదు.

అసలు దొంగతనం ఎంత తేలిగ్గా జరిగిందో చూడండి. 2015 సెప్టెంబర్‌లో ఎఫ్‌బీఐ ఏజెంటు ఒకాయన డెమొక్రటిక్ పార్టీ జాతీయ కార్యాలయానికి ఫోన్ చేశాడు. మీ కంప్యూటర్లలో రష్యన్లు దూరారని చెప్పబోతే, ఆపరేటర్ ఆ కాల్‌ను హెల్ప్ డెస్క్‌కు కలిపింది. అక్కడున్న కాంట్రాక్టు ఉద్యోగికి అవతలివాడు నిజంగా ఎఫ్‌బీఐ మనిషేనా, ఎవరైనా ఆకతాయా అని అనుమానం. తర్వాతి వారాల్లో ఏజెంటు మళ్లీ మళ్లీ చేసిన ఫోన్లకు జవాబే లేదు. రెండు ఆఫీసులూ ఒకే వాషింగ్టన్‌లో ఉన్నాయి. 1972 వాటర్‌గేట్ దొంగలు తెరిచిన ఫైళ్ల బీరువాను ఆ పార్టీ జ్ఞాపకంగా దాచుకుంది. హ్యాకర్లు దూరిన సర్వర్ కూడా దాని పక్కనే ఉండేది. ఇక 2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టాకు గూగుల్ పేరుతో ఓ మెయిల్ వచ్చింది: మీ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయింది, వెంటనే మార్చుకోండి అని. లింకు నొక్కారు. 50 వేలకు పైగా మెయిళ్లు రష్యా సైనిక గూఢచార సంస్థ జీఆర్‌యూ చేతిలో పడ్డాయి. ఇలాంటి మెసేజ్‌లు మన ఫోన్లకు కేవైసీ పేరుతో రోజూ వస్తూనే ఉంటాయి.

దొంగతనం వరకూ అయితే అమెరికాకు అంత కోపం రాకపోయేది. 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల సంస్థ నుంచి 2.15 కోట్ల మంది రికార్డులు పోయాయి. వేళ్లు చైనా వైపే చూపించాయి. అప్పటి గూఢచార వ్యవస్థల అధిపతి జేమ్స్ క్లాపర్ ఆ పనితనానికి చైనా వాళ్లను ఒక విధంగా మెచ్చుకోవాల్సిందేనన్నారు! మాకు అవకాశం దొరికినా వదలబోమని కూడా ఆయన దాచలేదు. దౌత్యవేత్తలెవరినీ వెళ్లగొట్టలేదు. ఒకరి ఉత్తరాలు ఒకరు దొంగచాటుగా చదువుకోవడం గూఢచారుల లోకంలో ఒప్పుకున్న మర్యాదే. రష్యా చేసిన కొత్త పని ఆ ఉత్తరాలను వీధిలో పరచడం, అదీ అదను చూసి.

2016 అక్టోబర్ 7 మధ్యాహ్నం అందుకు మంచి ఉదాహరణ. ఆ రోజు ఒబామా ప్రభుత్వం మొదటిసారి రష్యా పేరెత్తి, హ్యాకింగ్ వెనక మాస్కో ఉందని అధికారికంగా ప్రకటించింది. కాసేపటికే ట్రంప్ ఆడవాళ్ల గురించి నీచంగా మాట్లాడిన పాత వీడియో బయటికొచ్చింది. ఆ తర్వాత గంట తిరక్కుండానే వికీలీక్స్ పొడెస్టా మెయిళ్ల మొదటి విడత వదిలింది. సాయంత్రానికి ప్రభుత్వ ప్రకటన ఎవరికీ గుర్తులేదు. పోలింగ్ దాకా నెలరోజులు మెయిళ్లు విడతలవారీగా వస్తూనే ఉన్నాయి, పత్రికలు వాటిని విడతలవారీగా అచ్చేస్తూనే ఉన్నాయి. జీఆర్‌యూ సరుకు తెచ్చింది సరే, బేరం జరిగింది అమెరికన్ మీడియాలోనే.

దీనికి మాస్కో జవాబు ఒక్కటే: మీరు చేయలేదా అని. చేశారు. 1948 ఇటలీ ఎన్నికల్లో కమ్యూనిస్టులను ఓడించడానికి సీఐఏ డబ్బు కుమ్మరించింది. 1996లో యెల్త్సిన్‌ను గట్టెక్కించడానికి అమెరికన్ ఎన్నికల సలహాదారులు మాస్కోలో మకాం వేస్తే, టైమ్ పత్రిక దాన్ని సగర్వంగా కవర్ స్టోరీ చేసింది. 1946 నుంచి 2000 వరకూ పరాయి ఎన్నికల్లో అమెరికా 81 సార్లు, సోవియట్ యూనియన్, రష్యా కలిపి 36 సార్లు తలదూర్చాయని డోవ్ లెవిన్ అనే పరిశోధకుడు లెక్కతేల్చారు. 2011 డిసెంబర్‌లో తనకు వ్యతిరేకంగా రష్యన్లు వీధుల్లోకి వస్తే, వాళ్లకు సైగ చేసింది హిల్లరీయేనని పుతిన్ బాహాటంగా అన్నారు. ఆ కసి నిజమే అయివుండొచ్చు. అయినా పాత పాపాల పద్దు చూపించి కొత్త పాపం చేస్తానంటే చెల్లదు.

పుతిన్ ఓపిక ఏడు నెలలే నిలిచింది. 2017 జులై చివర్లో అమెరికా తన మిషన్ సిబ్బందిలో 755 మందిని తగ్గించుకుని 455కు దిగాలన్నారు. ఊడిన ఉద్యోగాల్లో ఎక్కువ భాగం అమెరికన్లవి కావు, అక్కడ పనిచేసే రష్యన్లవే. వీసా ఇంటర్వ్యూలు మాస్కోకే పరిమితమయ్యాయి. వ్లాదివోస్తోక్ విద్యార్థి వీసా కోసం ఏడు టైమ్ జోన్లు దాటి రావాల్సి వచ్చింది. బదులుగా అమెరికా శాన్‌ఫ్రాన్సిస్కోలోని రష్యా కాన్సులేట్ మూసేయమంది. గడువుకు ముందురోజు సెప్టెంబర్ 1న ఆ భవనం చిమ్నీలోంచి నల్లటి పొగ. ఫైరింజను పరుగెత్తుకొచ్చింది. ఏమీ లేదు, ఫైర్‌ప్లేస్‌లో ఏదో కాలుస్తున్నామన్నారు లోపలివాళ్లు. ఆ రోజు ఆ నగరంలో రికార్డు ఎండ, 41 డిగ్రీలు!

ఈ కోపం మన దాకా కూడా వచ్చింది. ఎన్నికల జోక్యానికి శిక్షగా అమెరికన్ కాంగ్రెస్ 2017లో కాట్సా చట్టం చేసింది. రష్యా నుంచి భారీ ఆయుధాలు కొనే మూడో దేశం మీద కూడా ఆంక్షలు పడతాయి. మరుసటేడు మన దేశం ఎస్-400 క్షిపణి వ్యవస్థల కోసం 540 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. వాషింగ్టన్‌లో ఎవరి మెయిలో పోతే మన రక్షణ శాఖ ఏళ్ల తరబడి ఆంక్షల కత్తి కింద కూర్చోవాల్సి వచ్చింది. చైనాకు ఎదురు నిలవడానికి మన అవసరం ఉంది గనక అమెరికా మన జోలికి రాలేదు. అవే క్షిపణులు కొన్న టర్కీ మీద మాత్రం 2020లో వేటు పడింది. టర్కీ నాటోలో అమెరికా మిత్రదేశం.

అసలు దొంగల సంగతి? 2018 జులైలో 12 మంది జీఆర్‌యూ అధికారుల మీద పేర్లు, యూనిట్ నంబర్లతో సహా అభియోగాలు మోపారు. ఇప్పటిదాకా ఒక్కరూ అమెరికన్ కోర్టు గడప తొక్కలేదు. ఆ అభియోగాలు మోపిన మూడు రోజులకే హెల్సింకీలో పుతిన్ పక్కన నిలబడి, రష్యా ఇది ఎందుకు చేస్తుందో తనకు కారణం కనబడటంలేదన్నారు ట్రంప్.

రెండు దేశాలూ కూర్చుని ఒక కట్టుబాటు రాసుకోవచ్చు కదా అంటే, రాసుకోరు. సోవియట్ యూనియన్‌ను అమెరికా గుర్తించిన 1933లో, ఒకరి వ్యవహారాల్లో ఒకరు వేలుపెట్టబోమని రూజ్‌వెల్ట్, సోవియట్ విదేశాంగ మంత్రి లిత్వినోవ్ ఉత్తరాలు మార్చుకున్నారు. అలాంటివి మళ్లీ రాసుకుందామని లావ్రోవ్ 2019లో అన్నారు. 2020లో పుతిన్ కూడా అదే ప్రతిపాదించారు. వాషింగ్టన్ కొట్టిపారేసింది. చేసిన పనే ఒప్పుకోనివాడు ఇకపై చేయనని మాటిస్తే దాని విలువెంత? పైగా మాస్కో లెక్కలో అమెరికా పెట్టిన రేడియో లిబర్టీ ప్రసారాలు, ఎన్నికల పరిశీలకులకు వెళ్లే విదేశీ గ్రాంట్లు కూడా జోక్యమే. అవి వదులుకోవడానికి అప్పట్లో అమెరికా సిద్ధంగా లేదు. దొంగిలించి పరచకూడదు, ఓటర్ల జాబితా ముట్టుకోకూడదు అని ఇరుకుగా రెండే వాక్యాలు రాసుకోవచ్చని నా అభిప్రాయం. అంత చిన్న కాగితం కూడా రాదంటే ఆ ఆయుధం తమ దగ్గరా ఉండనీ అని ఇద్దరికీ ఉన్నట్టే.

2024లో ఇరాన్ హ్యాకర్లు ట్రంప్ ప్రచార బృందం కాగితాలు దొంగిలించి పొలిటికో, న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్‌లకు పంపారు. ఇరాన్‌తో అమెరికాకు 1980 నుంచి దౌత్య సంబంధాలే లేవు. బహిష్కరించడానికి రాయబారి లేడు, తాళం వేయడానికి ఎంబసీ లేదు. అయినా ఆ లీకు పెద్దగా పేలలేదు, ఆ మూడు పత్రికలూ కాగితాలను అచ్చు వేయలేదు గనక. పత్రికలో రాసేవాడిగా నాకిది పూర్తిగా మింగుడుపడదు. నిజమైన కాగితాన్ని పాఠకుడికి చూపించవద్దని ఎడిటర్లు ఎంతకాలం, ఎవరి విషయంలో నిర్ణయిస్తారు? 2016 మెయిళ్లలో పార్టీ సిబ్బంది హిల్లరీ ప్రత్యర్థి బెర్నీ శాండర్స్‌కు వ్యతిరేకంగా చూపిన పక్షపాతం కూడా బయటపడింది, అది ఓటరుకు తెలియాల్సిందే. ఏదేమైనా హ్యాకర్ ఆట కట్టించింది మాత్రం న్యూస్‌రూములే.

ఒక్కటి మాత్రం ఈసారి బహిష్కరణలకు, తాళాలకు సంబంధం లేకుండా జరిగిపోయింది. 2025 ఫిబ్రవరిలో విదేశీ జోక్యాన్ని కనిపెట్టడానికి ఎఫ్‌బీఐలో పెట్టిన ప్రత్యేక దళాన్ని ట్రంప్ ప్రభుత్వం రద్దు చేసింది. ఎన్నికల వ్యవస్థల సైబర్ భద్రత చూసే సిబ్బందిలో కొందరిని సెలవు మీద ఇంటికి పంపింది. అంటే ఈసారి హెల్ప్ డెస్క్‌కు ఫోన్ చేసే ఏజెంటు కూడా ఉంటాడో లేదో.