ఊతపదమేలే అని వదిలేద్దామా?

నలుగురు కూర్చున్న చోట కాసేపు చెవి పెట్టి వినండి. ఎవరి ఊతపదం ఏమిటో ఇట్టే తెలిసిపోతుంది. ఒకరు ప్రతి మాటకీ ముందు "అంటే మరి" అంటారు. ఇంకొకరు "అదేనండీ నేననేది" అంటారు, అప్పటిదాకా ఆయన ఏమీ అనకపోయినా సరే. మా పెద్దత్తయ్యగారికి "అదీ సంగతి" పడందే ఏ కబురూ పూర్తి కాదు. పెళ్ళి కబురైనా అంతే, చావు కబురైనా అంతే. ఇక గోదావరి జిల్లాల వాళ్ళ "ఆయ్" వింటే ఏ ఊళ్ళో ఉన్నా నాకు ప్రాణం లేచొస్తుంది.

ఊత అంటే ఆసరా. ముసలివాళ్ళకి ఊతకర్ర ఎలాగో, మాట తడుముకునే నాలుకకి ఊతపదం అలాగ. డిగ్రీలో మా తెలుగు మేడమ్ చెప్పేవారు, పద్యంలో గణం చాలకపోతే కవులు కూడా ఏదో ఒక చిన్న పదం వేసి పాదం నింపేస్తారని. దాన్ని పాదపూరణం అంటారు. అంతంత కవులకే తప్పలేదు, మనమెంత! పైగా ఒక్కోసారి ఊతపదం మనిషిని పట్టిచ్చేస్తుంది కూడా. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' మొదటిసారి అచ్చయింది 1897లో. ఇన్నేళ్ళయినా గిరీశం అనగానే మనకి ముందు గుర్తొచ్చేది ఆ "డామిట్"యే కదా. ఆ ఒక్క ముక్కలో అతని ఇంగ్లీషు డాబంతా ఉంది.

వీటితో నాకే పేచీ లేదు. నా పేచీ అంతా ఇంకో జాబితాతో.

"నీకేం తెలుసు?" "నీకెందుకివన్నీ?" "నీకేం, ఇంట్లోనేగా ఉండేది!" "ఆడదానివి, నువ్వే సర్దుకుపోవాలి."

వీటిలో ఒక్కటైనా వినని ఇల్లాలు ఉంటే నాకు చూపించండి. ఎప్పుడైనా మనసు నొచ్చుకుని ఎవరితోనైనా చెప్పుకున్నామా, వెంటనే ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. "అది అతని ఊతపదంలేవే, పట్టించుకోకు." ఈ మాట చెప్పేది కూడా తరచుగా మన అమ్మో, అత్తగారో, అక్కో!

కాదండీ. అది ఊతపదం కాదు. ఎలా చెప్పగలనంటే, నిజమైన ఊతపదానికి ఎదుటి మనిషి ఎవరన్నది పట్టదు. మా పెద్దత్తయ్యగారు "అదీ సంగతి" అని కూరగాయల బండి అబ్బాయితోనూ అంటారు, డాక్టరుగారితోనూ అంటారు, పూజకొచ్చిన పంతులుగారితోనూ అంటారు. నోటికి అలవాటైన మాట మనుషుల్ని చూసి రాదు. మరి "నీకేం తెలుసు?" అనే పెద్దమనిషి ఆ మాట ఆఫీసులో తన మేనేజరుతో ఒక్కసారైనా అన్నాడా? "నీకెందుకివన్నీ?" అని తన అన్నగారితో అంటాడా? అనడు. గుమ్మం దాటగానే ఎంత భద్రంగా నోట్లోనే ఉండిపోతుందో ఆ మాట! ఎవరి దగ్గర వాడాలో, ఎవరి దగ్గర మింగాలో అంత బాగా తెలిసిన మాటని ఊతపదం అంటే ఎలా నమ్మేది? ఊతకర్రకీ దుడ్డుకర్రకీ తేడా తెలియనంత అమాయకులమా మనం?

"నీకెందుకివన్నీ?" సంగతే చూడండి. మా పిన్ని ముప్ఫై ఏళ్ళు విన్న మాట అది. ఏ బ్యాంకులో ఎంత ఉందని అడిగినా, ఆ కాగితం ఏమిటని అడిగినా ఇదే జవాబు. బాబాయి చెడ్డవాడేం కాదు, పిన్నికి ఏ లోటూ రానివ్వలేదు. ఆయన హఠాత్తుగా పోయాక, పదకొండో రోజు దాటకుండానే బీరువాలోని కాగితాలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చుంది ఆవిడ. ఏది పాలసీయో, ఏది అప్పు కాగితమో తెలియదు. రెండు ఖాతాలకి నామినీయే లేదు. ఎనిమిది నెలలు తిరిగింది. ప్రతి కౌంటరు దగ్గరా "మీకు తెలియదా అమ్మా?" అని అడిగేవారే. ఎలా తెలుస్తుంది, ముప్ఫై ఏళ్ళు తెలియనివ్వకపోతే?

ఇది మా పిన్ని ఒక్కదాని కథేం కాదు. పదేళ్ళపాటు ఎవరూ కదపని డిపాజిట్లని బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న ఒక నిధికి పంపేస్తాయి. వాటిని వెతుక్కోవడానికి 2023లో 'ఉద్గమ్' అని ప్రత్యేకంగా ఒక పోర్టలే పెట్టాల్సి వచ్చింది. ఆ డబ్బు వెనక ఎన్ని "నీకెందుకు"లు ఉన్నాయో ఎవరు లెక్కపెట్టాలి?

ఇంక "నీకేం, ఇంట్లోనేగా!" దీనికి మాత్రం లెక్క ఉంది. కేంద్ర ప్రభుత్వం 2019లో దేశమంతా, ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారని సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనిలో ఉండేవారు. అదే పనికి మగవాళ్ళు వెచ్చించింది 97 నిమిషాలు. అదీ చేసేవాళ్ళ సంగతి. అసలు రోజులో ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ళే అప్పుడు నూటికి 26 మంది. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ చూసుకునే సమయం ఇందులో కలపలేదు సుమా! 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో, చనిపోయిన గృహిణికీ ఆదాయం ఉన్నట్టే లెక్కగట్టి పరిహారం ఇవ్వాలని చెప్పింది. జస్టిస్ ఎన్.వి. రమణగారు ఆ తీర్పులో ఈ సర్వే అంకెల్నే ఉదహరించారు. కోర్టుకి కనిపించిన పని ఇంట్లోవాళ్ళకి కనిపించకపోవడమే విచిత్రం. మనిషి పోయాక గానీ పనికి విలువ కట్టరన్నమాట!

"ఇంత చిన్న మాటలు పట్టుకుని రాద్ధాంతం చేస్తావేం? ఆయన మనసులో ఏమీ లేదు" అనేవాళ్ళున్నారు. మనసులో ఏమీ లేకుండానే వస్తున్నందుకే నాకు భయం. కోపంతో అన్న మాటకి తరవాత బాధపడే అవకాశమైనా ఉంది. అలవాటుగా అన్న మాట అన్నట్టు కూడా గుర్తుండదు. వినే పిల్లలకి మాత్రం గుర్తుంటుంది. ఇంటర్ చదివే మావాడు మొన్న వాళ్ళ చెల్లెలితో "నీకేం తెలుసే, ఊరుకో" అన్నాడు. అది లెక్కల్లో వాడికన్నా గట్టిది. ఈ పాఠం వాడి కాలేజీ సిలబస్‌లో ఎక్కడా లేదు, మన భోజనాల బల్ల దగ్గరే ఉంది. అడిగినప్పుడల్లా నోరు మూయిస్తే ఆడపిల్ల కొన్నాళ్ళకి అడగడం మానేస్తుంది. అప్పుడు "మా అమ్మాయి బంగారం, నోట్లో మాట ఉండదు" అని మురిసిపోతాం!

పోట్లాడమని నేను చెప్పడం లేదు. ఆ మాటకి అర్థం చెప్పమని అడగండి చాలు. మా ఇంట్లో నేను చేసేది అదే. "నీకేం తెలుసు?" అంటే "ఏది తెలియదో చెప్పండి, తెలుసుకుంటాను" అంటాను. "నీకెందుకు?" అంటే "నా పేరు కూడా ఉండాలి గనక" అని పాస్‌బుక్కు చేతిలోకి తీసుకుంటాను. "ఇంట్లోనేగా!" అంటే ఆదివారం ఒక్కపూట వంటింటి తాళం ఇస్తాను, పాలు పొంగకుండా చూడమని. మావాడికైతే చెల్లెలి దగ్గర కూర్చుని నాలుగు లెక్కలు చేయించుకు రమ్మన్నాను. గొణుక్కుంటూనే వెళ్ళాడు, చేయించుకునే వచ్చాడు.

మన చేతిలో ఇంకో పని కూడా ఉంది. రేపు మన కూతురో, కోడలో కళ్ళు తుడుచుకుంటూ ఇలాంటి మాట ఒకటి మనకి చెప్పుకుంటే, "ఊతపదమేలే" అని మాత్రం అనకండి. "ఆ మాట అతను ఇంకెవరితోనైనా అంటాడా?" అని అడగండి. జవాబు ఆ పిల్లకే తడుతుంది.