ఆరోగ్య వీథి: గడియారం చూసుకొని వచ్చే తలనొప్పి

తలనొప్పి అనగానే మన ఇళ్లలో సిద్ధంగా ఉండేవి మూడు: అమృతాంజనం, ఒక మాత్ర, "కళ్లు చూపించుకో" అనే సలహా. సాధారణమైన తలనొప్పులలో అధిక భాగం వీటితోనో, ఒక రాత్రి నిద్రతోనో సర్దుకొంటాయి. పార్శ్వపు నొప్పిని గురించి కూడా ఇప్పుడు చాలమందికి తెలుసు. ఈ మాసం మేము ప్రస్తావించదలచినవి ఈ రెండు కోవలకూ చెందనివి. అరుదైనవే; కాని ఏళ్ల తరబడి వేరే పేర్లతో చికిత్స పొందుతూ మనిషిని క్రుంగదీసేవి.

వీటిలో ముఖ్యమైనది క్లస్టర్ తలనొప్పి. ఒకే వైపున, కంటి చుట్టూ గాని కణత వద్ద గాని, భరింపశక్యం కాని పోటు. 15 నిమిషాల నుండి 180 నిమిషాల వరకు ఉంటుంది. రెండు రోజులకు ఒకసారి మొదలు రోజుకు 8 సార్ల దాకా రావచ్చు. అదే వైపు కన్ను ఎర్రబడి నీరు కారుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది, రెప్ప వాలుతుంది. పార్శ్వపు నొప్పి గలవారు చీకటి గదిలో కదలక పడుకొంటారు. ఈ రోగి కూర్చోలేడు, పడుకోలేడు. గది ఈ మూల నుండి ఆ మూలకు తిరుగుతూనే ఉంటాడు. కొన్ని వారాలు వరుసగా, తరచు అదే వేళకు వచ్చి, తరువాత నెలల తరబడి జాడ ఉండదు. ఇలా గుత్తులుగా రావడం వల్లనే దీనికి ఆ పేరు. ఆ వేళ తప్పకపోవడానికి కారణం ఏమిటి? 1998లో లండన్ పరిశోధకులు నొప్పి సమయంలో మెదడును చిత్రీకరించి, శరీరపు గడియారానికి నిలయమైన హైపోథాలమస్ ప్రాంతం ఉత్తేజితమవుతున్నట్లు కనుగొన్నారు.

మా విభాగంలోని సహోద్యోగి ఒకరు దీనితో ఆరేళ్లు బాధపడ్డారు. ముక్కు కారుతున్నది కనుక సైనస్ అన్నారు. దవడ లాగుతున్నది కనుక రెండు పళ్లు తీశారు. రాత్రి షిఫ్టులో రెండు గంటల వేళ ప్యానెల్ వదలి బయట తిరుగుతున్నారని మెమో కూడా అందింది; గంట తరువాత మామూలుగా వచ్చి కూర్చొనే మనిషిని చూసి, అది నటన అనుకొన్నవారు లేకపోలేదు. చివరకు దారి చూపినది ఆయన శ్రీమతి. పాలలెక్క వేసే క్యాలెండరులోనే నొప్పి మొదలైన వేళ, ముగిసిన వేళ, ఏ వైపు, కన్ను ఎర్రబడినదా లేదా అన్నవి రెండు నెలలు వ్రాసి పెట్టారు. నరాల వైద్యుడు ఆ కాగితాలు తిరగవేసి పది నిమిషాలలో పేరు చెప్పాడు. మెదడులో వేరే కారణం లేదని నిర్ధారించుకొనేందుకు ఎమ్మారై తీయించాడు, అంతే. యంత్రం ఎప్పుడు, ఏ క్రమంలో ట్రిప్ అయిందో లాగ్‌బుక్ చూడకుండా బేరింగులు మార్చే అలవాటు మన రంగంలోనూ ఉన్నది కదా!

చికిత్సలో విశేషమైనది ఆక్సిజన్. 2009లో ప్రచురితమైన బ్రిటిష్ పరిశీలనలో, నిమిషానికి 12 లీటర్ల చొప్పున శుద్ధ ఆక్సిజన్ పీల్చినప్పుడు 78 శాతం దాడులలో పావుగంటకే ఉపశమనం కలిగింది. మామూలు గాలితో 20 శాతంలోనే. అయితే ప్రవాహం, ముసుగు రెండూ సరిగా ఉండాలి. మా మిత్రునికి ఒక ఆసుపత్రిలో ముక్కు గొట్టాలతో నిమిషానికి రెండు లీటర్లు పెట్టి, "ఆక్సిజన్ పనిచేయలేదు" అని వ్రాసి పంపారు. కావలసినది సంచి, కవాటాలు ఉండి, విడిచిన గాలిని తిరిగి పీల్చనివ్వని ముసుగు. లెక్క చూడండి: పావుగంటకు 180 లీటర్లు. దాదాపు 1,500 లీటర్లు పట్టే బి-రకం సిలిండరు ఎనిమిది దాడులకు వస్తుంది. వెల్డింగు సిలిండరును ఎవరూ తలపెట్టరాదు. వైద్య ఆక్సిజనే, వైద్యుని చీటీతోనే. ఆ గదిలో సిగరెట్టు, దీపం నిషిద్ధం.

సుమట్రిప్టాన్ ఇంజెక్షను కూడా త్వరగా పనిచేస్తుంది గాని హృద్రోగులకు పనికిరాదు. దాడులు రాకుండా వెరాపమిల్ ఇస్తారు. మోతాదు పెంచేటప్పుడు ఇసిజి చూస్తారు. మామూలు నొప్పి మాత్ర వలన ఫలితం స్వల్పం. అది కరిగేలోగా నొప్పి తానే ముగుస్తుంది, యశస్సు మాత్రకు దక్కుతుంది. గుత్తి నడుస్తున్న రోజులలో మద్యం చుక్క తాకినా దాడి రావచ్చు.

దీనిని పోలిన మరొక జాతి ఉన్నది. దాడులు 2 నుండి 30 నిమిషాలే, కాని రోజుకు ఐదుకు మించి. 1974లో నార్వే వైద్యులు స్యోస్టాడ్, డేల్ దీనిని వర్ణించారు. ఇండోమెథసిన్ అనే మాత్రకు ఇది పూర్తిగా లొంగుతుంది. లొంగకుంటే రోగనిర్ణయాన్నే పునఃపరిశీలిస్తారు. కడుపులో పుండ్లు, మూత్రపిండాల హాని కలిగించగల మందు కనుక సొంతంగా ప్రయోగించరాదు.

యాభై దాటినవారిని నిద్ర నుండి లేపే తలనొప్పి ఇంకొకటి. విచిత్రమేమంటే, పడుకొనే ముందు ఒక కప్పు కాఫీ చాలమందికి దీనికి మందు. కాఫీప్రియులు సంబరపడనక్కరలేదు, ఈ నొప్పి బహు అరుదు. మన స్త్రీలకు తలంటు స్నానం తరువాత వచ్చే నొప్పిని పెద్దలు "తల ఆరక" అనేవారు. ముంబయి వైద్యుడు రవిశంకర్ 2006లో 94 మంది భారతీయ రోగులను పరిశీలించి, తలస్నానం పార్శ్వపు నొప్పిని ప్రేరేపిస్తుందని అంతర్జాతీయ పత్రికలో నమోదు చేశారు.

నెలకు 15 రోజులు, అంతకు మించి నొప్పి మాత్రలు మింగేవారికి ఆ మాత్రలే తలనొప్పికి కారణం కావచ్చు. ఇక క్యాలెండరులో వ్రాస్తూ కూర్చొనకూడని సందర్భాలు: పిడుగులా ఒక్క నిమిషంలో శిఖరానికి చేరిన నొప్పి, జ్వరం, మెడ బిగుసుకొనడం, మాట తడబాటు, కాలుచేతుల బలహీనత, యాభై దాటాక కొత్తగా వచ్చి, నమలుతుంటే దవడ నొప్పి, కణత ముట్టుకోలేకపోవడం. చివరిది ధమని వాపు కావచ్చు, ఆలస్యమైతే చూపు పోతుంది. వీటిలో ఏది కనిపించినా అదే రోజు, మొదటి దానికైతే అదే గంటలో, ఆసుపత్రికి చేరాలి.